షెడ్డు గేటు క్లాసు

చీపురు భోజనం చేసి వచ్చేసరికి సిగ్నల్ కంట్రోల్ రూమ్‌లో చీఫ్ ఇంజనీర్ కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. బ్యాకప్‌లన్నీ ఎవరో చెరిపేశారు. రైళ్లతో మాట్లాడే వైర్‌లెస్ మూగబోయింది.

చీపురు సీక్రెట్ ఏజెంట్. ఇక్కడ ప్రోగ్రామర్ వేషంలో చేరాడు. ఎక్కడ చెత్త కోడ్ కనబడ్డా ఊడ్చందే నిద్రపట్టదని డిపార్ట్‌మెంట్ పెట్టిన ముద్దుపేరది.

చెవిలో మైక్రో రిసీవర్ గుయ్యిమంది.

"గాలి ఎలా ఉంది?" కోడ్ వర్డ్. బాస్ గొంతు.

"వడగాలి, సార్. చీఫ్‌ని చంపేశారు."

"విదేశీ ముఠా పని. సొరంగంలో రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తున్నాయి. రెండింటికీ పచ్చ లైటే! అందులో ఒకటి నడిపేది..."

"మా అక్క," అన్నాడు చీపురు.

కోడ్ తెరిచాడు.

మొన్నటిదాకా సొరంగం సిగ్నల్, వంతెన సిగ్నల్, స్టేషన్ సిగ్నల్... ప్రతి క్లాసులోనూ, అంటే ప్రతి కోడ్ ముక్కలోనూ, ఒకే తనిఖీ మళ్లీ మళ్లీ రాసి ఉండేది: ఎదుటి రైలు ఎంత దూరం, ఎర్ర లైటు ఎప్పుడు. చీపురు ఆ చెత్తంతా ఏరి, ఒక్క పేరెంట్ క్లాసులో పెట్టాడు. మిగతావన్నీ దాన్నే వాడుకుంటాయి. ఎంత మురిసిపోయాడో! పాత షెడ్డు గేటు క్లాసు ఒక్కటే మిగిలింది. దాన్ని రేపు, రేపు అంటూ బాస్ చేత చీవాట్లు కూడా తిన్నాడు.

ఇప్పుడా పేరెంట్ క్లాసులో ఎవరో తనిఖీ తీసేసి, ఎప్పుడూ పచ్చ లైటే అని రాశారు.

"తనిఖీలు విడివిడిగా ఉన్నన్నాళ్లూ మా వల్ల కాలేదు," వెనక సన్నని నవ్వు.

ఆడిటర్ నెమలి! ఖరీదైన సెంటు, చేతిలో సైలెన్సర్ పిస్టల్. మన మనిషేనని డిపార్ట్‌మెంట్ నమ్మిన డబుల్ ఏజెంట్.

"కోడ్ శుభ్రం చెయ్యమని నీ వెంటపడింది ఇందుకే. నువ్వు ఊడ్చిపెట్టావు. మేం వచ్చి కూర్చున్నాం."

"రైల్లో మా అక్కుంది!"

"సారీ, డియర్."

చీపురు ఊపిరి బిగబట్టి, జేబులో పెన్ను నొక్కాడు. మత్తు గ్యాస్ బుస్సుమంది. గుండు అతని భుజాన్ని చీల్చుకుపోయింది. నెమలి కుప్పకూలింది.

కీబోర్డు మీద నెత్తురు కారుతోంది. పాత తనిఖీలోని దూరాల లెక్కలు ఒక్కటీ గుర్తు రావడం లేదు. దూరాల లెక్క లేనిదే సిస్టమ్ ఎర్ర లైటు వెయ్యదు, ఊహించి రాస్తే అక్క ప్రాణం పోతుంది. తెర మీది మ్యాప్‌లో రెండు రైళ్ల చుక్కలు దగ్గరవుతున్నాయి.

"అక్కా, ఏం చెయ్యనే!"

"ఏదో ఒకటి చెయ్యరా!" బాస్ అరిచాడు.

షెడ్డు గేటు!

ఆ క్లాసు తెరిచాడు. తను బద్ధకించి వదిలేసిన పాత తనిఖీ చెక్కుచెదరకుండా ఉంది.

కాపీ. పేస్ట్. ఎవరైనా చేస్తే తనకు ఒళ్లుమండే పని. పేరెంట్ క్లాసులో ఒక్కచోట అతికించి ఎంటర్ కొట్టాడు. సొరంగం సిగ్నల్స్ రెండూ ఒక్కసారే ఎర్రబడ్డాయి. చుక్కలు జారి, జారి, తగలబోయి ఆగాయి.

నెమలి హ్యాండ్‌బ్యాగులో జామర్ దొరికింది. ఆపగానే వైర్‌లెస్ గరగరమంది.

"ఇంత ఆలస్యంగా రెడ్ వేసిన దరిద్రుడెవడు? ఎదుటి ఇంజను నా ముక్కు మీదుంది! ఫ్లాస్కు కూడా పగిలింది!"

"నేనేనే, అక్కా," అంటూ చీపురు వెక్కివెక్కి ఏడ్చాడు.

బాస్ కాసేపు ఏడవనిచ్చాడు.

"శభాష్. అన్నట్టు, ఆ షెడ్డు గేటు ఎప్పుడు ఊడుస్తావు?"

"రేపు, సార్."