జిగురుకంటిన నీలి నూగు

సెవ్దా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని జరిగింది చెప్పింది. బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ పాతపేటలో రుస్కా గెరోవా అనే వితంతువుకి వండిపెట్టి, వేళకి మందులిచ్చే మనిషి ఆమె. రుస్కా ఫోను రెండు రోజులు కనిపించకుండా పోయి, చివరికి సెవ్దా గుడ్డసంచిలో దొరికింది. నిన్న ఇరుగుపొరుగు చూస్తుండగా ఆ సంచిని బల్ల మీద కుమ్మరించారు. ఇవాళ సాయంత్రంలోగా తప్పు ఒప్పుకోకపోతే పోలీసుల్ని పిలుస్తామన్నారట.

"ఒక పాత ఫోనుకి ఇంత రగడా?" అన్నాడు డిటెక్టివ్ రాదోయ్ కిస్యోవ్.

"అందులో వాళ్లబ్బాయి గొంతుందండీ. లారీ నడిపేవాడు. ఇంటికొస్తూ దారిలోనే పోయాడు. బయల్దేరేటప్పుడు పంపిన మాటలవి. రోజూ నాచేత పెట్టించుకుని వింటారు."

కిస్యోవ్ కోటు అందుకున్నాడు. సెవ్దాతో బయల్దేరిన అతని వెనకే సహాయకుడు యోర్దాన్ నడిచాడు. తన గురువు ఎవర్ని చూసినా మూతి విరుస్తాడని యోర్దాన్‌కి తెలుసు. ఆ విరుపు కూడా అతనికి గొప్పగానే ఉండేది.

ఇంట్లో రుస్కా కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. పెళ్లిళ్లలో క్లారినెట్ వాయించే ఆమె మేనల్లుడు ప్లామెన్, వాద్యం ముక్కల్ని తుడిచి పెట్టెలో నీలి మఖమల్ గుంటల్లో పేరుస్తున్నాడు. తలెత్తకుండానే మాట్లాడాడు.

"ఇందులో కనిపెట్టడానికేముంది సార్? కొట్టేసింది, స్టిక్కర్ పీకింది, దొరికిపోయింది. ఇలాంటి వాళ్ల బుద్ధే అంత."

కిస్యోవ్ ఫోను తిప్పి చూశాడు. వెనక కొడుకు తన చేత్తో అంటించిన పిచ్చుక బొమ్మ లేదు. జిగురు సగం గోళ్లతో గీకినట్టుంది, మిగతా సగం మురికిపట్టి అలాగే ఉంది. ఒక మూల ప్లాస్టిక్ ఏదో ఘాటు మందు తగిలి తెల్లగా పాలిపోయింది. దొరికినప్పటి నుంచీ ఫోను వెలగలేదనీ, చార్జింగ్ అయిపోయి ఉంటుందనీ రుస్కా చెప్పింది. యోర్దాన్ దాన్ని కరెంటుకి తగిలించాడు.

కిస్యోవ్ భూతద్దం పెట్టి, జిగురుకంటిన నూగుని పట్టకారుతో తెల్లకాగితం మీదికి ఏరాడు. తర్వాత పొద్దుతిరుగుడు నూనె అడిగి, దూదితో జిగురు మీద అద్ది, నాననిచ్చాడు. ఈలోగా ఒక్కొక్కర్నీ ప్రశ్నించాడు. ఫోను పోయిన రోజు ప్లామెన్ భోజనానికి వచ్చాడు. దొరికిన రోజు మళ్లీ వచ్చాడు. సంచి వెతకమన్నది కూడా అతనే.

"ఆ రోజు సంచి కుమ్మరిస్తుంటే చూసినవాళ్లని పిలవండి. ఇదీ చూడాలి కదా," అన్నాడు కిస్యోవ్.

వాళ్లు వచ్చేసరికి జిగురు మెత్తబడింది. దూదితో రుద్దితే ఉండలు కట్టి ఊడివచ్చింది.

"చూశారా, ఇంతే పని. కాస్త నూనె, కాస్త ఓపిక. మన దొంగకి ఆ ఓపిక కూడా లేదు. గోళ్లతో గీకాడు, ఘాటు మందు పోసి ప్లాస్టిక్ పాడుచేశాడు, విసుగొచ్చి దాచేశాడు. జిగురు మాత్రం ఊరుకోదు, పక్కన ఏదుంటే దాన్ని అంటించుకుంటుంది." కాగితం ఎత్తి చూపించాడు. "సెవ్దా సంచి తెల్లటి ముతక గుడ్డ. ఇది నీలి మఖమల్ నూగు. ఆ పెట్టె తెరువు, ప్లామెన్."

ప్లామెన్ కదల్లేదు. యోర్దానే తెరిచాడు. పెట్టె అడుగున మఖమల్ మీద ఫోను పట్టేంత మేర నూగు లేచిపోయి, జిడ్డుగా ఉంది.

కిస్యోవ్ అడిగే కొద్దీ ప్లామెన్ నసిగి నసిగి బయటపెట్టాడు. అమ్ముకుందామని తీశాడు. ఆ జిగురుముద్దని బజార్లో ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో గోల పెరిగేసరికి సెవ్దా సంచిలో పడేశాడు.

"దొంగవనిపించుకోవడానికి కూడా పనికిరావు నువ్వు," అన్నాడు కిస్యోవ్.

అప్పుడే ఫోను వెలిగింది. కొత్త యజమానికి స్వాగతం చెప్పి, ఏ భాష కావాలో అడిగింది. అమ్మబోయే ముందు ప్లామెన్ అందులో ఉన్నదంతా చెరిపేశాడు.

రుస్కా ఆ తెరని వేలితో నొక్కి నొక్కి చూసింది. తర్వాత మెల్లగా సెవ్దా వైపు తిరిగింది.

"నువ్వూ రోజూ విన్నావు కదే. వాడేమన్నాడో చెప్పు."

సెవ్దా వంటింట్లోకి వెళ్లి తన చెప్పులూ శాలువా సంచిలో పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, ఆ అబ్బాయి సాగదీసి మాట్లాడే తీరులోనే చెప్పింది: "అమ్మా, బయల్దేరాను. బానిత్సా చేసి వేడిగా ఉంచు. చల్లారిందో, నీతో మాట్లాడను."

"ఇంకొక్కసారి చెప్పమ్మా," అంది రుస్కా.

సెవ్దా అప్పటికే మెట్లు దిగుతోంది. పొరుగువాళ్లు ఆమెకి దారి వదిలి గోడకి ఆనుకున్నారు. ఆమె వాళ్లలో ఒక్కరి మొహం కూడా చూడలేదు.