మంగళవారం గడియారం రిపేర్

"హత్య జరిగింది. కానీ ఎవరూ చంపలేదు," అన్నాడు చీఫ్ పట్టాభిరామయ్య.

2001 మార్చి. మేడ్చల్ బస్ డిపో ఎదుట ఆగిన తెల్ల అంబాసిడర్‌లో వెనక సీటు మీద కూర్చున్నారిద్దరూ. చీఫ్ పక్కనున్నది ఏజెంట్ సుధాకర్. వయసు నలభై, ముఖం యాభై.

"పోయిన నెల పుణెలో మన రక్షణ శాఖ సైంటిస్ట్ ఒకాయన రైలు కింద పడ్డాడు. ఎవరూ నెట్టలేదు. ముందు రోజు ఆయనకో కవరు అందింది. మానసిక వైద్యుడి దగ్గర ఆయన చెప్పుకున్న మాటల జిరాక్సు అందులో ఉంది. 'మాట వింటావా, మీ ఆఫీసుకు పంపమంటావా' అని ఓ చీటీ. అంతే!"

సుధాకర్ కారు అద్దం పైకెత్తాడు.

"ఆ ముఠా ఇప్పుడు ఇక్కడ దిగిందయ్యా. టార్గెట్ వీరభద్రం. శామీర్‌పేట వైపు డిఫెన్స్ ల్యాబ్‌లో మిస్సైల్ గైడెన్స్ సైంటిస్ట్. మెయిన్ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. భార్య పోయిన దగ్గర్నుంచి మనిషి మనిషిలా లేడు. ప్రతి మంగళవారం ఈ ఊళ్లో డాక్టర్ మనోరమ దగ్గరికి వస్తున్నాడు. ఆవిడ రాసుకున్న ఫైలు వాళ్లకి చిక్కితే ఈయనా రైలు పట్టాల మీదికే. వాళ్లకంటే ముందు అది నా టేబుల్ మీదుండాలి."

"మీ టేబుల్ మీదెందుకు సార్?"

"దేశభద్రత."

కాఫీలో పంచదార ఎందుకెక్కువైందని అడిగినా చీఫ్ చెప్పే జవాబు అదే.

ముఠా అడ్డా గుండ్లపోచంపల్లిలో ఒక గోడౌన్. పైకి, ఆస్పత్రుల రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించే కంపెనీ. బాస్ కార్ల్ అనే విదేశీయుడు. వాడి దగ్గర నవ్యశ్రీ అనే అమ్మాయి పనిచేస్తోంది. ఆమె మన డిపార్ట్‌మెంట్ మనిషి. కళ్లు తిప్పిందంటే సెక్యూరిటీ గార్డులు గేటు తాళాలు సైతం చేతిలో పెట్టేస్తారని పేరు.

"విత్తనాల కంపెనీ సేల్స్‌మన్ వేషంలో వెళ్లు," అన్నాడు చీఫ్. "నిద్ర పట్టడం లేదని అబద్ధం చెప్పు."

అది అబద్ధం కాదని సుధాకర్ ఆయనకు చెప్పలేదు.

* * *

క్లినిక్ టైర్ల దుకాణం పై అంతస్తులో ఉంది. కింద బోర్డు మీద 'నరాలు, తలనొప్పి' అని మాత్రమే రాసి ఉంది. మెట్లెక్కగానే బల్ల వెనక దుర్గాబాయి కనబడింది. అరవై ఏళ్లుంటాయి. ఫైళ్లన్నీ ఆమె చేతుల మీదుగానే నడుస్తాయి.

ఆమె పేరడగలేదు. "ఇంట్ల ఏం జెప్పొచ్చినవ్ బిడ్డా?" అంది.

ఇరవై ఏళ్ల సర్వీసులో సుధాకర్‌ను ఎవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. "అంటే?"

"గీ దవాఖానకు పోతున్ననని ఎవలన్న ఇంట్ల జెప్తరా? ఏదో ఒకటి జెప్పి వస్తరు గదా. గదే అట్ట మీద రాస్త. రేపు ఫోన్ జెయ్యాలంటే పక్కింటి నంబరే దిక్కు. 'మనసు డాక్టరమ్మ రమ్మంటాంది' అన్ననంటే బజారంత టాంటామ్ అయితది. 'బర్రె సూదికి మంగళారం రాండ్రి' అన్ననంటే ఎవలికి పరేషాన్ లేదు."

సుధాకర్ బీరువా వైపు చూశాడు. 'బర్రెకు సూది.' 'మోటార్ వైండింగ్.' 'రేషన్ కార్డు.' 'గాజులు.' ప్రతి ఫైలునూ దారంతో కట్టి లక్కతో సీలు వేశారు. డాక్టరమ్మ తప్ప ఎవరూ తెంపరు. లోపల కూడా పేషెంట్ పేరుండదు. ఓరి నాయనో, అనుకున్నాడు. ఢిల్లీలో ఆర్నెల్లు ట్రైనింగిచ్చి మాకు నేర్పిన కోడ్ సిస్టమ్ ఈమె టైర్ల దుకాణం మీద కూర్చుని నడుపుతోందే!

"ఇంట్లో ఎవరూ లేరమ్మా. పురుగుమందుల పని మీద వచ్చానని రాసుకో."

దుర్గాబాయి పెన్ను ఆపింది. "ఆ మాట గీ దవాఖానల రాయ. విత్తనాలని రాస్త."

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సన్నటి మనిషి, మాసిన గడ్డం. ఫొటోలో చూసిన ముఖమే. వీరభద్రం! దుర్గాబాయి నవ్వుతూ లేచి ఒక ఫైలు తీసింది. "రాండ్రి సార్. ఇంక గా గడియారం వెనకనే నడుస్తాందా?"

"ఐదు నిమిషాలమ్మా," అన్నాడాయన నీరసంగా.

అట్ట మీద 'గడియారం రిపేర్' అని ఉంది. సుధాకర్ కంటికి పని అయిపోయింది.

తన వంతు వచ్చాక ముందుగా కంఠతా పట్టిన నాలుగు ముక్కలు చెప్పి లేవాలనుకున్నాడు. డాక్టర్ మనోరమ కళ్లజోడు తీసి, "ఏ చప్పుడికి మెలకువ వస్తుంది?" అని మాత్రమే అడిగింది.

అంతే, కట్ట తెగింది. విదేశంలో ఒక రేవు పట్టణం, హోటల్ గది, మూడేళ్ల కిందటి సంగతి. భాగస్వామి బాలేష్ వచ్చి తలుపు నాలుగుసార్లు కొట్టాలి. అది గుర్తు. మూడుసార్లే కొట్టాడు. నాలుగోది కొట్టలేదు. రూల్ ప్రకారం సుధాకర్ తలుపు తీయలేదు. తెల్లారి చూస్తే గడప దగ్గర తూటా దెబ్బతో బాలేష్. నాలుగోసారి చెయ్యెత్తే ఓపిక లేక పోయాడు. సుధాకర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏజెంట్ అన్న సంగతే మర్చిపోయాడు.

డాక్టర్ మొత్తం రాసుకుంది. ముఖం తుడుచుకున్నాక సుధాకర్ సిగ్గుపడుతూ ఐడెంటిటీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "వీరభద్రం ఫైలు కావాలి. ప్రభుత్వం అడుగుతోంది."

"ఆ పేరు మనిషి ఇక్కడికి వస్తాడనీ చెప్పను, రాడనీ చెప్పను."

"దేశభద్రత మేడం."

"పేషెంట్ తనంతట తాను రాసివ్వాలి. లేదా కోర్టు ఆర్డర్ తేవాలి. లేదా ప్రాణం మీదికి రావాలి. అప్పుడు కూడా ఆపగలిగిన మనిషికి, ఆపడానికి ఎంత అవసరమో అంతే చెప్తాను. మీరిప్పుడు ఏడ్చిన సంగతి మీ చీఫ్ వచ్చి అడిగితే చెప్పమంటారా?"

సుధాకర్ కార్డు జేబులో పెట్టుకున్నాడు.

కానీ బుద్ధి ఊరుకుంటుందా! కిందికి దిగి, పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి చీఫ్‌కు ఫోన్ చేశాడు. ఫైలు దొరకలేదని చెప్పడానికి పౌరుషం అడ్డొచ్చింది. "ఫైలు రాలేదు గానీ గుర్తు దొరికింది సార్. అట్ట మీద 'గడియారం రిపేర్' అని ఉంటుంది."

"శభాష్!" అన్నాడు చీఫ్.

* * *

మళ్లీ మంగళవారం. సుధాకర్ పదకొండింటికి వచ్చేసరికి దుర్గాబాయి ముఖం మాడ్చుకుని ఉంది.

"ఒక పిల్ల ఫోన్ జేసింది. కంప్యూటర్ కంపెనీ పిల్ల. మందుల స్టాక్ లెక్క ఎక్కిస్తందుకు మిషిన్ పెడ్తమని డాక్టరమ్మను ఒప్పిచ్చింది. మూడింటికి వస్తదట. ఫోన్ పెట్టెటప్పుడు 'గడియారం రిపేర్' ఫైలు ఏ అరల ఉందని అడుగుతాంది. అట్ట మీద గా మాటుందని నాకు, డాక్టరమ్మకు, గా సారుకే ఎరుక. ఆమెకెట్ల తెల్సింది?" సుధాకర్ కళ్లలోకి సూటిగా చూసింది. "నువ్వు గిట్ల ఎవలికన్న జెప్పినవా?"

సుధాకర్ రెండేసి మెట్లు దూకాడు. బూత్‌కు పరుగెత్తాడు.

"నవ్యశ్రీకి చెప్పానయ్యా," అన్నాడు చీఫ్. "మనమ్మాయే కదా. ముట్టుకోవద్దు, గుర్తుంచుకో చాలు అన్నాను."

ముట్టుకోవద్దంటే అరెక్కడని అడుగుతుందా? అర్థమైపోయింది. డబుల్ ఏజెంట్! ఒక పేషెంట్ రహస్యాన్ని కాపాడమని పంపితే తనే మోసుకెళ్లి దొంగ చేతిలో పెట్టాడు. పుణె సైంటిస్ట్ గుర్తొచ్చాడు. ఫైలు మాయం చేస్తే వాళ్లు ఇవాళ కాకపోతే రేపు ఇంకో దారి వెతుకుతారు. తీసుకెళ్లనిచ్చి, చేతిలో ఉండగా పట్టుకోవాలి.

పైకి వచ్చి డాక్టర్ ఎదుట నిలబడ్డాడు. "తప్పు నాది మేడం. ఆయన ఫైలు నాకొద్దు. నా ఫైలు నాకిస్తారా? గడియారం అట్టలో దాన్ని పెడదాం."

"మీ ఉద్యోగం పోవచ్చు."

"తెలుసు."

"అయితే రాసివ్వండి. ఏ కాగితాలు, ఎవరికి, ఎందుకు."

సుధాకర్ రాశాడు. ఏ కాగితాలు: నావి మాత్రమే. ఎవరికి: శత్రువులకు. ఎందుకు: ఒక మనిషి బతకాలి. సంతకం పెట్టాడు. డాక్టర్ రెండుసార్లు చదివి తలూపింది.

దుర్గాబాయి బీరువా తెరిచింది. "అటు తిరుగు," అంది. సుధాకర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వీరభద్రం కాగితాలు ఏ అట్టలోకి పోయాయో అతనికి ఇప్పటికీ తెలియదు.

సరిగ్గా మూడింటికి నవ్యశ్రీ వచ్చింది. నీలం షిఫాన్ చీర, హై హీల్స్, ఘుమఘుమలాడే సెంటు. కంప్యూటర్ పెట్టెలు దింపించింది, దుర్గాబాయిని "అవ్వా" అంటూ మంచినీళ్లడిగింది. ఆ అరనిమిషంలో ఫైలు ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. మారుతీ వ్యాన్ తనే నడుపుకుంటూ కదిలింది. టైర్ల చాటున కాచుకున్న సుధాకర్ స్కూటర్‌కు కిక్ కొట్టాడు.

"ఆగు, ఆగు!" దుర్గాబాయి రొప్పుతూ మెట్లు దిగింది. వెనకే డాక్టర్. "ఐదింటికి రావాలెనని యాది జేస్తందుకు సారు ల్యాబ్‌కు ఫోన్ గొట్టిన. 'గడియారం సంగతేనా? పొద్దుగాలనే ఒకామె చేసింది. ఇయ్యాల గుండ్లపోచంపల్లిలనే ఇస్తరట. సార్ ఎల్లిపోయిండు' అంటున్రు! గా మాట ఇన్నడంటే నేనే పిలిపిచ్చిననుకుంటడు బిడ్డా. నన్ను నమ్మే పోయిండు!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టర్ మనోరమ స్కూటర్ హ్యాండిల్ పట్టుకుంది. "ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది కాబట్టి రెండు మాటలు చెప్తాను. ఆయన్ని ఒంటరిగా వదలకండి. కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తోంది, దాని గురించి అడగండి. ఇంతకంటే మీకు అవసరం లేదు."

* * *

గోడౌన్ వెనక కిటికీ రెక్క ఊడి ఉంది. సుధాకర్ బస్తాల వెనక చేరి చొక్కా జేబులోని రెండు బాల్‌పెన్నుల్లో ఒకదాని క్యాప్ రెండుసార్లు తిప్పాడు. అది ట్రాన్స్‌మిటర్. చీఫ్ మనుషులు రావడానికి పది నిమిషాలు పడుతుంది.

వీరభద్రం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక ఎర్రముఖం కార్ల్, చేతిలో పిస్టల్. బల్ల మీద లక్క సీలుతో ఫైలు.

"గుర్తుపట్టారా?" నవ్యశ్రీ తియ్యగా అడిగింది. "ఏడాదిగా మీరు చెప్పుకున్నదంతా ఇందులో ఉంది. రేపు మీ డైరెక్టర్ దగ్గరుంటుంది. ఆపైన మీ అమ్మాయి స్కూల్లో. పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలట కదా?"

"చదవొద్దు," అన్నాడు వీరభద్రం. ఏడుపు కూడా రాని గొంతు అది. "తెరవొద్దు. రాసిస్తాను."

వీరభద్రం తెరవనివ్వడని సుధాకర్ అనుకోలేదు! దూకుదామంటే పిస్టల్ ఆయన వీపుకే ఆని ఉంది.

వీరభద్రం కాగితం మీద రాయసాగాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

కార్ల్‌కు ఆత్రం ఎక్కువ. సరుకు అసలుదో కాదో చూసుకోవాలి. "ఓపెన్ ఇట్," అన్నాడు. నవ్యశ్రీ లక్క చిట్లగొట్టి, దారం తెంపి, మొదటి కాగితం పైకి చదివింది.

ఆరు.

"'హోటల్ గది. బాలేష్ తలుపు మూడుసార్లు కొట్టాడు...'"

ఏడు.

"'...నాలుగోసారి కొట్టలేదు. నేను తీయలేదు. రోజూ ఆ మూడు దెబ్బలకే మెలకువ...'" ఆమె గొంతు ఆగిపోయింది. పెదవుల రంగు మారింది.

వీరభద్రం పెన్ను ఆపి తలెత్తాడు. "ఇది నాది కాదు," అన్నాడు నెమ్మదిగా.

"నాది!" అంటూ సుధాకర్ బస్తా ఒకటి కిందికి తోశాడు. కార్ల్ అటు తిరిగేలోగా రెండో బాల్‌పెన్ను నొక్కాడు. కళ్లు మండే పొగ బుస్సుమని లేచింది. పిస్టల్ పేలి, గుండు రేకుల కప్పుకు తగిలింది. సుధాకర్ వాడి మణికట్టు విరిచి నేలకు అదిమాడు. అంత గందరగోళంలో వీరభద్రం చేసిన పని ఒకటుంది. ఏడక్షరాల కాగితాన్ని నోట్లో పెట్టుకుని నమిలేశాడు.

నవ్యశ్రీ పారిపోలేదు. జీపులు వచ్చేదాకా ఆ కాగితం పట్టుకునే నిలబడింది. బేడీలు వేస్తుంటే సుధాకర్ వైపు చూడకుండా అంది: "ఆ హోటల్ పేరు వాళ్లకి అమ్మింది నేనే."

మూడేళ్లుగా తను మోస్తున్న బరువు దిగుతుందేమోనని సుధాకర్ ఎదురుచూశాడు. దిగలేదు. పేరు అమ్మింది ఆమే గానీ, తలుపు తీయనిది తనే.

బయట వీరభద్రం గోడకానుకుని కూలబడి ఉన్నాడు. సుధాకర్ వెళ్లి పక్కనే కూర్చున్నాడు. "పాప లెక్కల పరీక్ష ఎలా రాసింది సార్?"

ఆయన నోట్లో మిగిలిన కాగితం ముక్క ఉమ్మేశాడు. తర్వాత, "ఆఖరి లెక్క వదిలేసిందట," అన్నాడు. అని భోరుమన్నాడు. సుధాకర్ ఆయన చేయి పట్టుకుని వదల్లేదు.

* * *

"అసలు ఫైలేదయ్యా?" అన్నాడు చీఫ్.

"దొరకలేదు సార్."

"నీ ఫైలు నేను చదివాను."

"తెలుసు సార్."

పట్టాభిరామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఈసారి దేశభద్రత అనలేదు. సుధాకర్ ఫైలు కాగితాల కట్టను సొరుగులోంచి తీసి అతని చేతిలో పెట్టాడు. "జిరాక్సు తీయలేదు. తీద్దామనుకున్నాను, చేతులు రాలేదు. ఫీల్డ్ డ్యూటీ మాత్రం ఇక లేదు."

ఆ తర్వాతి మంగళవారం సుధాకర్ ఆ కట్టతో టైర్ల దుకాణం మెట్లెక్కాడు. దుర్గాబాయి కొత్త అట్ట తీసింది. 'విత్తనాలు' ఇక పనికిరాదు.

"ఇంట్ల ఎవలు లేరంటివి. ఆఫీసుల ఏం జెప్పొచ్చినవ్?"

"మీ దవాఖాన మీద నిఘా వేశానని."

దుర్గాబాయి అట్ట మీద 'నిఘా' అని రాసి, లక్క కరిగించింది. "అయితే ప్రతి మంగళారం రావాలె బిడ్డా. నిఘా నడుమల ఎగ్గొడితే దేశానికి మంచిది గాదు."