విశాఖకు వెళ్లని సీసా

ఆ పొద్దున బారువలో తాతారావు వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటుంటే, గూట్లో పెట్టిన సీసా లేదని కొడుకు ప్రకాష్ బయటికొచ్చాడు. అతనికి అవతల విశాఖ రైలు వేళవుతోంది.

సీసాలో ఉన్నది తాతారావు భార్య నారాయణమ్మ చేదుతిత్తి, అంటే పిత్తాశయం. టెక్కలిలో రాళ్లకని కోసి తీసిన డాక్టరు, దాన్ని మందునీళ్లలో వేసి, విశాఖ ల్యాబులో ఇచ్చి రమ్మన్నాడు. తీసేసినదానికి మళ్లీ పరీక్షేమిటి, డాక్టరుకు ల్యాబువాడితో వాటా ఉంటుందని తాతారావు ఆ రోజునుంచీ గొణుగుతూనే ఉన్నాడు. ఇప్పుడతని అనుమానం తిన్నగా కోడలి మీదికి పోయింది. రూప కవిటి నుంచి వచ్చిన పిల్ల, ఈ ఊరిది కాదు. నిన్న ఆ సీసా చూసి ముక్కు మూసుకుంది.

"ఎక్కడ పారేసినావే?"

"నాను ముట్టుకోనేదు మావా."

డాక్టరు మాట్లాడుతున్నప్పుడు తాతారావు బీడీ కాల్చుకోడానికి బయటికి పోయాడు. అందుకని రూప మళ్లీ చెప్పింది. తిత్తి లోపల పులిపిరిలా కండ పెరిగింది. కంటితో చూస్తే తెలియదు. పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తేనే అది వట్టి కండో, కేన్సర్ వైపు తిరిగిందో, తిరిగితే ఎంత ముదిరిందో, తిత్తి గోడలోకి పాకిందో తేలుతుంది. పాకితే మళ్లీ కోయాలి. ఆలస్యమైతే అత్త దక్కదు.

"ఇన్ని తెలిసినదానివి, మరెందుకు దాసినావు?" అంటూ తాతారావు ఆమె పెట్టె లాగి చీరలన్నీ నేలమీద గుమ్మరించాడు.

కుట్లమీద చెయ్యి అదిమిపట్టుకుని నారాయణమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"దాని బట్టలు ముట్టుకోకు. నానే పాతీసినాను."

చేప కోసేటప్పుడు ఆడవాళ్లు ముందు చేదుతిత్తినే తీసి దూరంగా పారేస్తారు. అది చితికితే కూరంతా చేదు. ఆ అలవాటుతోనే చేశానని ముందు బుకాయించింది. తర్వాత గోడకు జారగిలబడింది.

"మా అక్కకి కిడ్నీ జబ్బని పేరెట్టినారు. ఆ రోజునుంచే సచ్చినదాన్ని సూసినట్టు సూసినారు. నాకా పేరొద్దు."

అత్త చెప్పిన చోట, పెరట్లో జీడిచెట్టు కింద, రూపే తవ్వింది. మూత బిగువుగానే ఉంది, మందునీళ్లు కారలేదు. ప్రకాష్ తర్వాతి రైలెక్కాడు.

ఫలితం వచ్చాక మామా కోడలూ కలిసి టెక్కలి వెళ్లారు. తిరిగొచ్చి, ఏమీ లేదు, వట్టి కండేనని తాతారావు చెప్పేశాడు. నారాయణమ్మ అతని మొహం చూసి, నమ్మక, కోడలి వైపు తిరిగింది.

"నువ్వు సెప్పు."

"కేన్సర్ కాదత్తా. అవడానికి బయల్దేరినది. బాగా ముదిరినాదంట గానీ గోడలోకి పాకనేదు. తిత్తితోపాటే అంతా వచ్చేసినాది. ఇంక కొయ్యక్కర్లేదు. మూడు నెల్లకోసారి సూపించుకోవాలి."

నారాయణమ్మ రూప చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

తన ఇంట్లో తన మాట ఎవరూ నమ్మరనీ, తాను దొంగను చేసిన పిల్ల మాటే నమ్ముతారనీ తాతారావుకు అప్పుడు తెలిసింది.

"అమ్మా రూపా, ఈసారి మీ అత్తని నువ్వే తీసుకెళ్లు," అన్నాడు. "నానెళ్తే మళ్లీ అబద్ధమాడేత్తాను."