పుత్తూరు కట్టు విప్పాక

పాకాలలో అందరికీ రైలు కూతతో తెల్లవారితే, కోమలికి మాత్రం అత్తగారి నోటితో తెల్లవారేది. ఆ రోజూ అంతే. పొయ్యి దగ్గర పీట మీద నుంచి లేవబోయి కోమలి గోడ పట్టుకుంది.

"మెల్లిగా పట్టుకోమే, గోడ పడిపోతాది," అంది వసారాలోంచి గంగులమ్మ. "ఎనభై దగ్గరపడినా నేను ఇంగా బిందె మోస్తా ఉండా. నువ్వు యాభైకే కర్ర పట్టినావు. ఎగిరెగిరి ఆడితివి గదా, అనుభవించు."

కోమలి బదులు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

ఒకప్పుడు ఆమె అలాంటి మనిషి కాదు. కూతురికి పెళ్ళి చేసి పంపాక, ఒళ్ళు బరువెక్కి, ఉత్తపుణ్యానికి చెమటలు పట్టి, అద్దంలో తనకు తానే ఎవరో పెద్దమ్మలా కనిపించిన రోజుల్లో ఊళ్ళోని కోలాటం జట్టులో చేరింది. మొదట్లో రెండు చుట్లు తిరిగితే ఆయాసం. తరవాత కోలలు చేతికి అలవాటై, కాళ్ళు తేలికై, ఏడాది తిరిగేసరికి జట్టుకు ముందు నిలబడింది. బ్రహ్మోత్సవాలకు కొండ మీద స్వామి వాహనం ముందు ఆడమని వాళ్ళ జట్టుకు పిలుపొచ్చింది. ఆ సంబరంలో ఉండగానే సాధనలో కాలు మడతపడింది. భర్త గుణశేఖర్ ఆమెను పుత్తూరు తీసుకెళ్ళి ఎముకల కట్టు కట్టించాడు.

ఉత్సవాలకు ఇంకా చాలా గడువు ఉండగానే కట్టు విప్పారు. కోమలి లోపల కాలికి నూనె పట్టించుకుంటుంటే, కట్టు కట్టిన గురప్ప బయట గుణశేఖర్‌తో ఏదో చెప్పాడు. గుణశేఖర్ తల వంచుకుని లోపలికొచ్చాడు.

"ఎముక అరిగిపోయిందంట కోమలా. ఇంక జన్మలో ఎగరగూడదంట. వయసైపోయింది, ఒప్పుకోవాల."

ఆ మాటతో ఆమె నిజంగానే ముసలిదైపోయింది. నొప్పి లేకపోయినా అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడేది. గుణశేఖరే తిరుపతి నుంచి చేతికర్ర కొనుక్కొచ్చాడు. వాహనసేవ నాడు టీవీ పెట్టి, "ఇదో, మీ జట్టోళ్ళు, సూడు," అని పిలిచింది కూడా అతనే. తన చోట ఎవరో చిన్నపిల్ల ఆడుతుంటే కోమలి చివరిదాకా చూసింది.

అదంతా జరిగిపోయిన ముచ్చట. ఈ పొద్దున గంగులమ్మ, కోడలికి చూపించాలని నిండు బిందె ఎత్తి, కుళాయి దగ్గరే జారిపడింది. మణికట్టు వాచిపోయింది. గుణశేఖర్ అంగట్లో ఉన్నాడు. కర్ర ఒక చేత్తో, అత్తను ఒక చేత్తో పట్టుకుని కోమలే పుత్తూరు బస్సెక్కింది.

గురప్ప ముసలామె చేతికి కట్టు కట్టి, కోమలి వైపు తిరిగాడు. "ఏమ్మా, కర్రేంది? కోలాటం ఆడలేదా?"

"నువ్వే గదన్నా ఆడగూడదంటివి?"

"నేనా? కట్టు విప్పినాక మెల్లిగా మొదలుపెట్టి ఆడమను, ఊరికే కూర్చుంటే కాలు బిగుసుకుంటాదని మీ ఆయనకు చెప్పి పంపిస్తినే!"

తిరుగు బస్సులో కోమలి అత్త వైపు తిరిగింది.

"అత్తా, నీకు తెలుసా?"

"తెలుసు. ఆ దినం నేనూ వస్తిని గదా. బయట అరుగు మీదనే ఉన్నా."

"మరి ఏల చెప్పలేదు?"

"ఏల చెప్పాల? సాయంత్రమైతే నువ్వు కోలలు పట్టుకోని పోతే నాకు కాఫీ ఎవరిస్తారు? కుదురుగా ఇంట్లో పడుంటివి. నాకు సుఖంగా ఉన్నింది." చేతి నొప్పికి కళ్ళ నీళ్ళు కారుతున్నా గంగులమ్మ నోటికి మాత్రం నొప్పి తెలియలేదు.

గుణశేఖర్ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. కోమలి వడ్డించి ఎదుట నిలబడింది.

"మామా, కోలాటం ఆడలేదా అని గురప్పన్న అడిగినాడు. ఏం చెప్పమంటావు?"

చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "నీ మంచికే చెప్పినా. మళ్ళా పడితే?"

"నా మంచికే కర్ర తెస్తివి. నా మంచికే టీవీ పెడితివి." చేతికర్ర అతని కంచం పక్కన విసిరికొట్టింది. "నిజం చెప్పు."

అతను కంచంలో చెయ్యి విదిలించాడు. "చెప్తా, విను. వాలీబాలు ఆడేదానికి గ్రౌండుకు పోతే పిల్లోళ్ళు, 'పెద్దాయనా, నువ్వు కూర్చోని స్కోరు చెప్పు' అన్నారు. ఆ వారమే నువ్వు జట్టుకు ముందరికొచ్చినావు. టీ అంగడి కాడ, 'గుణా, నీ కూతురు బాగా ఆడతాందే' అని నవ్వినారు. ముసలోణ్ణి నేనొక్కణ్ణే అయినా మే! ఓర్చుకోలేకపోయినా."

"ఒక్కడివే ఉండలేక నన్ను గూడా లాక్కుంటివి." లోపలికి పోయి అటక మీది కోలలు తెచ్చి అతని చేతిలో కుక్కింది. "లెయ్. ఎగురు."

"మొగోణ్ణి పట్టుకోని ఎగరమంటావా, సిగ్గులేనిదానా!" గంగులమ్మ అరిచింది.

"నువ్వు నోరు మూసుకో అత్తా. ఇంక ఆ కట్టు చేత్తోనే కాఫీ పెట్టుకుందువు. ఎగురు మామా. మీయమ్మ గూడా చూడనీ."

గుణశేఖర్ ఎగిరాడు. ఎందుకు ఎగిరాడో అతనికే తెలియదు. నాలుగు గంతులకే రొప్పొచ్చింది, పంచె జారింది, కోల చేజారి గంగులమ్మ కాళ్ళ దగ్గర పడింది. గోడకు ఆనుకుని అలాగే జారి కూలబడ్డాడు. కోమలి చెయ్యి అందించలేదు.

"వయసైపోయింది మామా," అంది నింపాదిగా. "ఒప్పుకోవాల."

అతను మొహం మోకాళ్ళలో పెట్టుకుని పిల్లవాడిలా ఏడ్చాడు. ఆ మాట అన్నందుకు కోమలి కడుపు చల్లబడాలి. పడలేదు. ఇన్నాళ్ళూ తను దిండులో దాచుకున్న ఏడుపు అచ్చం ఇలాగే ఉండేది. గంగులమ్మ తన కాళ్ళ దగ్గరి కోలను మంచి చేత్తో తీసి పక్కన పెట్టింది.

"రేపు పొద్దున నడిచేదానికి రా," అంది కోమలి చివరికి. "ముందర నేను పోతా. వెనకబడితే ఆగను."

మరునాడు ఆగలేదు కూడా. చేతులూపుకుంటూ, ఒక కాలు కాస్త ఈడుస్తూ, బజారు దాటి నడిచింది. వెనక అతని రొప్పు వినిపిస్తూనే ఉంది. రైలు గేటు దగ్గర నిలబడింది. అతను వచ్చి, మోకాళ్ళ మీద చేతులాన్చి, తలెత్తాడు.

"నాకోసరం నిలబడినావా?"

"గేటు పడింది."

గూడ్సు బండి పోయింది. గేటు లేచింది. వెనక మోటారు సైకిళ్ళు హారన్లు కొట్టాయి. "అమ్మా, జరుగు," అని ఎవరో కసురుకున్నారు. కోమలి అతని వైపు చూడలేదు, అడుగూ వెయ్యలేదు. అతని ఊపిరి కుదుటపడేదాకా దారికి అడ్డంగా అలాగే నిలబడింది.