రేకు అవతలి మాట

తుఫాను వెళ్లిన మర్నాడు సూళ్లూరుపేట దగ్గరి మ్యూజియం నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆరుబయట నిలబెట్టిన పాత శిక్షణ విమానం గాలికి పక్కకు పడి, దాని ఒంటి మీది రేకు చిరిగిందట. కార్లకు, బస్సులకు సొట్టలు తీసే టింకరింగ్ పని నాది. సుత్తి పట్టుకుని వెళ్లాను.

"ఏమప్పా, ఆగు! యాడ కొడతా ఉండావు?"

బురదలో కూర్చుని ఫొటోలు తీస్తున్న అమ్మాయి లేచి వచ్చింది. పేరు నిస్సీ. అక్కడి విమానాల బాగోగులు చూసేది ఆమే.

"సొట్ట తీస్తా మేడం."

"ఇది ఆటో కాదు. అరవై ఏండ్ల రేకు. రేపట్నుంచి నువ్వు రావద్దు."

మర్నాడు నేను వెళ్లలేదు. పొద్దున ఎనిమిదికే నిస్సీ నుంచి ఫోన్. "ఇంకా రాలేదేం?"

"రావద్దన్నారు కదా!"

"కోపంలో అంటే మానేస్తావా? శుక్రవారానికి బాగుపడకుంటే దీన్ని తుక్కు కింద అమ్మేస్తామన్నారు మా మ్యూజియం పెద్ద సార్."

పరుగెత్తాను.

కొత్త రేకు వేసి, చిన్న మేకుల్లాంటి రివెట్లు కొట్టి బిగించాలి. బయట నేను సుత్తితో. విమానం లోపల దూరి, రివెట్ వెనక ఇనుప దిమ్మ ఆనించి ఆమె. ఒకరికొకరం కనిపించం.

గురువారం సన్నగా వాన మొదలైంది. నేను తెచ్చిన మిరపకాయ బజ్జీలు తిని ఇద్దరం మళ్లీ పనిలో పడ్డాం.

"రూపేష్, నాకు..." టంగ్! "...ఇష్టం."

"ఏమన్నారు?"

లోపలి నుంచి మళ్లీ ఏదో వినిపించింది. అప్పటికే నా సుత్తి దిగింది.

"ఏం లేదు. కొట్టు."

ఏది ఇష్టం? విమానమా, బజ్జీలా, నేనా? సాయంత్రం ఆఖరి రివెట్ బిగిశాక ఆమె నా వైపు చూడకుండానే వెళ్లిపోయింది. నేను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు.

శుక్రవారం సార్ వచ్చి, విమానం చుట్టూ తిరిగి, రేకు మీద చెయ్యి వేసి చూశారు. "ఉండనీ అమ్మా" అని గేటు వైపు నడిచారు. నిస్సీ కళ్లు తుడుచుకుంది.

ఇక ఆగలేకపోయాను. "నిన్న ఏదో ఇష్టమన్నారే, ఏమది?"

"నిజంగా వినపడలేదా?"

"లేదు."

"రెండుసార్లు చెప్పినా! రెండుసార్లూ సుత్తి కొట్టినావు. వద్దని చెప్పలేక అట్ల చేస్తా ఉండావనుకున్నా."

"అయ్యో! బజ్జీల మీద ఇష్టమేమో అని నేను తల పట్టుకుని కూర్చున్నా."

ఆమె పకపకా నవ్వింది. "మూడోసారి చెప్పేది లేదు. నువ్వే చెప్పు."

"నువ్వంటే ఇష్టం" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

"వినపడలా."

ఈసారి అరిచాను. గేటు దగ్గర సార్ గిరుక్కున వెనక్కి తిరిగారు.