ఇంటికెన్నింటికి వస్తావు?

ఐదు కాగానే కంప్యూటర్ కట్టేసి, బ్యాగు భుజాన వేసుకుని లేచిన మొదటి మనిషి మా ఆఫీసులో నెర్మీనే. అప్పటికి చేరి మూడు రోజులు కూడా కాలేదు. అలెగ్జాండ్రియాలో మా షుక్రీ గారి దగ్గర పనిచేసే ఆర్కిటెక్టులు రాత్రి తొమ్మిది దాటందే కుర్చీ వదలరు.

"సగం రోజు సెలవా?" అని అడిగాను, నలుగురూ నవ్వాలని.

"మొత్తం రోజు పనే చేశాను హాతిమ్. నువ్వే రెండు రోజుల పని చేసి ఒక రోజు జీతం తీసుకుంటున్నావు," అంది. నలుగురూ నవ్వారు, నన్ను చూసి.

ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎప్పుడు ప్రేమయిందో తెలియదు. బహుశా నవంబర్ వానలో, సముద్రం ఒడ్డు రోడ్డు కార్నిష్ మీద ఆమె గొడుగు తిరగబడితే నా డ్రాయింగుల గొట్టం ఆమె నెత్తి మీద పట్టుకున్న రోజు. చేతి లావు లేని గొట్టం. ఇద్దరం నిలువునా తడిశాం. ఆమె ఆగకుండా నవ్వింది, నా పని అయిపోయింది.

అప్పటికి ఆఫీసులో సగం మంది కుర్రకారు ఐదింటికే లేస్తున్నారు. డ్రాయింగుల మీద గీసినవాళ్ల పేర్లు వేయమని కూడా అడుగుతున్నారు. నేను మాత్రం కదల్లేదు. కొత్త లైబ్రరీ పని నాకే ఇస్తానని షుక్రీ గారు మాటిచ్చారు.

చివరికి ధైర్యం చేసి నెర్మీన్‌ని అడిగేశాను. శుక్రవారం ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడమంది.

ఫ్లాటు సంగతి, పెళ్లి బంగారం సంగతి బట్టీ పట్టి వెళ్లాను. వాళ్ల నాన్న రాగిబ్ గారు అవేవీ అడగలేదు.

"ఇంటికెన్నింటికి వస్తావు బాబూ?"

ఇంతకన్నా మంచి ప్రశ్న దొరుకుతుందా అని మురిసిపోయాను. పదింటి లోపు ఇల్లు చేరిన రోజు లేదని, పండగపూట కూడా పని మానలేదని, ఆఫీసే నా ఇల్లని మా పెద్దాయన పదిమందిలో చెబుతుంటారని గర్వంగా చెప్పుకున్నాను.

నెర్మీన్ కళ్లు మూసుకుంది. టీ తెస్తున్న వాళ్లమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేనూ ఆర్కిటెక్టునే," అన్నారాయన మెల్లగా. "ముప్పై ఏళ్లు చేశాను. ఈ పిల్ల మొదటి అడుగు వేసిందని ఫోన్లో విన్నాను. నీకు ఇల్లుంది కదా, ఆఫీసు. మా అమ్మాయికి ఇంట్లో ఉండే మనిషి కావాలి."

నేను తీసుకెళ్లిన మిఠాయి పెట్టె కూడా విప్పలేదు.

మాకు వారం మొదలయ్యే ఆదివారం పొద్దున్నే షుక్రీ గారి గదిలోకి వెళ్లి, ఇకనుంచి ఐదింటికే వెళతానన్నాను. ఆయన అరవలేదు. లైబ్రరీ ఫైలు తీసి వేరేవాళ్లకి ఇచ్చేశారు. బయటికొచ్చి నెర్మీన్‌కి చెప్పాను.

"నాకోసమే చేశావా?"

"నీకోసమే."

"అయితే రేపటినుంచి మళ్లీ తొమ్మిదింటి దాకా ఉండు. నాకోసం చేసేది నెల తిరక్కుండా మానేస్తావు."

ఆ కోపంలోనే ఐదింటికి లేచి ఇంటికి పోయాను. ఆరింటికి నన్ను గుమ్మంలో చూసి, ఉద్యోగం పోయిందనుకుని మా అమ్మ గుండె పట్టుకుంది. వారమంతా ఏం చేయాలో తోచక గోడలు చూశాను. రెండో వారం అమ్మ కబుర్లు వినడం మొదలుపెట్టాను. ఎన్ని కబుర్లో. మూడో వారానికి ఐదు ఎప్పుడవుతుందా అని నేనే ఎదురుచూశాను, నెర్మీన్ గుర్తు రాకుండానే.

ఒక మంగళవారం సాయంత్రం అమ్మా నేనూ బఠానీలు ఒలుస్తుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే రాగిబ్ గారు. నా ఒళ్లంతా బఠానీ తొక్కలు.

"లోపలికి రండి," అంది అమ్మ. "వీడికి ఇల్లు మరీ అలవాటైపోయింది. కూరలో ఉప్పు తక్కువైందని వంకలు కూడా పెడుతున్నాడు."

ఆయన పెద్దగా నవ్వి, కోటు విప్పి కూర్చున్నారు.

"చేతులు కడుక్కో బాబూ, ఫాతిహా ప్రార్థన చదివి పెళ్లి మాట ఖాయం చేసుకుందాం. మా ఆవిడా అమ్మాయీ కింద కారులో ఉన్నారు. నువ్వు ఇంట్లో లేకపోతే అటునుంచి అటే వెళ్లిపోదామనుకున్నాం."

చేతులు కడుక్కోకుండానే మెట్లు దిగి పరుగెత్తాను. నెర్మీన్ కారు అద్దం దించింది.

"ఎంతసేపు కూర్చోబెడతావు, కాళ్లు తిమ్మిరెక్కాయి," అంది.

గొంతు దబాయించినా కళ్లు నిండి ఉన్నాయి. నాకూ అంతే.