ఇరవై నాలుగు వారాలు దాటిన పరంజా

శవం పరంజా కింద బోర్లా పడి ఉంది.

సోమవారం ఉదయం 7.20కి వాచ్‌మన్ చూశాడు. 7.50కి ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది.

పుర్రె వెనక భాగం లోపలికి నొక్కుకుపోయింది. జుట్టులో రక్తం, సిమెంటు కలిసి గట్టిపడుతున్నాయి. పక్కనే అడుగు పొడుగు స్పానర్. దాని నోట్లో వెంట్రుకలు.

చనిపోయినవాడు పరంజా సామాను అద్దెకిచ్చే యార్డులో గుమస్తా. రేట్లు కట్టేది అతనే. స్పానర్ పరంజా మేస్త్రిది.

మేస్త్రిని ఇసుక గుట్ట పక్కన పడేశారు. పోలీసులు వచ్చేలోపే పనివాళ్లు ఇనప పైపులతో కుళ్లబొడిచారు. పై పెదవి చీలి పళ్లు కనిపిస్తున్నాయి. రెండు చేతుల వేళ్లూ వంకరపోయాయి.

"ఎవరు కొట్టారు?"

బిల్డింగు కాంట్రాక్టర్ ముందుకొచ్చాడు.

"ఎవరని చెప్తాం మేడమ్, అందరికీ కడుపు మండింది. పైపులు తగ్గాయని నిన్న గుమస్తా వీణ్ణి దొంగన్నాడు. నీ తల పగలగొడతానని వీడు అరిచాడు. పొద్దున్నే అన్నంత పనీ చేశాడు."

"మీరెన్నింటికి వచ్చారు?"

"ఏడూ ముప్ఫై అయిదుకి. వాచ్‌మన్ చెబితేనే నాకు తెలిసింది."

"అంతకు ముందు?"

"ఇంట్లో నిద్ర. మా ఆవిణ్ణి అడగండి."

హత్య ఆరు, ఆరున్నర మధ్య జరిగిందన్నాడు డాక్టర్.

10.30. స్టేషన్‌లో మేస్త్రి భార్య ఎనిమిది నెలల పిల్లని భుజాన వేసుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిమిషానికోసారి పిల్ల నుదురు తాకి చూసుకుంటోంది.

"రాత్రంతా పిల్లకి ఒకటే జ్వరం అమ్మా. ఆరింటికి ఆయన తడిగుడ్డ వేస్తున్నాడు. ఇల్లు కదిలింది ఏడింటికి."

"చూసినవాళ్లున్నారా?"

"నేనున్నాను. పెళ్లాం మాట మీ కాగితాల్లో పనికొస్తుందా?"

కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "నాలుగింటికి కోర్టుకి తీసుకెళ్లాలి. స్పానర్ అతనిదే, బెదిరింపూ అతనిదే. ఇంకేం కావాలి మేడమ్?"

"గుమస్తా అంత పొద్దున్నే అక్కడికెందుకు వెళ్లాడో కావాలి."

11.40. యార్డు. యజమానురాలిని అందరూ పెద్దమ్మ అంటారు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. అయినా లోడెక్కుతున్న పైపుల్ని వేలితో లెక్కపెడుతూనే ఉంది.

"ఎక్కువ కాలం అద్దెకి రేటెలా కడతారు?"

"ఇరవై నాలుగు వారాలు దాటిందా, మొదటి వారం నుంచీ సగం రేటే. ఒకటే షరతు అమ్మాయ్. సామాను ఆ సైటు దాటకూడదు. దాటితే మొత్తానికీ పూర్తి రేటు."

"దాటిందా?"

"వారాలైతే దాటాయి. కానీ ఈ కాంట్రాక్టర్ సగం పైపులు ఇంకో సైటులో కట్టాడని మా గుమస్తా అనుమానం. పనివాళ్లు రాకముందే లెక్కపెట్టుకొస్తానని వెళ్లాడు. తిరిగి రాలేదు."

"అద్దె ఆపాలంటే?"

"సోమవారం పొద్దున ఏడింటిలోపు మెసేజ్ పెట్టాలి. నిమిషం దాటినా ఆ వారమంతా పడుతుంది. ఈ కాంట్రాక్టర్ ఇవాళే పెట్టాడు. పోలీసు సీల్ పడ్డ పరంజాకి ఎవడు కడతాడు చెప్పు?"

పెద్దమ్మ ఫోన్ చూపించింది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివింది. ఫోన్ తన దగ్గరే ఉంచుకుంది.

2.15. సైటు ఆఫీసు. కాంట్రాక్టర్, వాచ్‌మన్, పెద్దమ్మ. తలుపు దగ్గర కానిస్టేబుల్.

"మూడో అంతస్తు ప్లాస్టరింగ్ సగమే అయింది. పరంజా ఎందుకు వద్దన్నారు?"

కాంట్రాక్టర్ నవ్వాడు. "శవం పడ్డాక మీరు మూసేస్తారుగా. ఊరికే అద్దె కట్టడానికి నాకేం డబ్బు కాస్తోందా?"

"శవం సంగతి ఎప్పుడు తెలిసిందన్నారు?"

"ఏడూ ముప్ఫై అయిదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మెసేజ్ వచ్చింది ఆరూ నలభై ఎనిమిదికి."

నవ్వు ఆగిపోయింది.

"వాచ్‌మన్ శవాన్ని చూడటానికి ముప్ఫై రెండు నిమిషాల ముందు. అందరూ మెసేజ్ చూశారు, టైము చూడలేదు. మేస్త్రి స్పానర్ ఇక్కడే తగిలించి వెళతాడని మీకు తెలుసు. నిన్నటి గొడవా తెలుసు. చంపారు. చంపాక కూడా ఒక్క వారం అద్దె వదులుకోలేకపోయారు."

కాంట్రాక్టర్ మూలనున్న పైపు ముక్క అందుకున్నాడు. మొదటి దెబ్బకే కానిస్టేబుల్ మోచెయ్యి ఎండుపుల్లలా విరిగింది. రెండో దెబ్బ ఇన్‌స్పెక్టర్ చెవి పక్కనుంచి పోయి గోడ పెచ్చు లేపింది. ఆమె లాఠీతో మోకాలి చిప్ప మీద కొట్టింది. వాడు బల్ల అంచుకి మొహం కొట్టుకుని పడ్డాడు. నెత్తురుతో పాటు రెండు పళ్లు ఉమ్మాడు.

"వాటా ఇస్తానన్నాను," వాడు నేలమీంచే గొణిగాడు. "విన్లేదు. మొదటి దెబ్బ పడ్డాక కూడా పైపులు లెక్కపెడుతూనే ఉన్నాడు."

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

3.10. లాకప్ తలుపు తెరిచారు.

భార్య పిల్లని అందించింది. మేస్త్రి చేతులు చాపాడు. వేళ్లు ముడుచుకోలేదు. చేతులు దించేసి, చీలిన పెదవి పిల్ల నుదుటికి ఆనించాడు.

"జ్వరం తగ్గిందే," అన్నాడు.

"ఆసుపత్రికి జీపు ఇస్తాను," ఇన్‌స్పెక్టర్ అంది. "పదండి."

"ఒక్క నిమిషం అమ్మా," భార్య ఆపింది. " ఈయన్ని కొట్టినవాళ్ల పేర్లు రాసుకోండి. రేపు ఏమీ ఎరగనట్టు పనిలోకి పోతారు."

"వద్దులేవే," మేస్త్రి తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ కుర్చీలో కూర్చుని పెన్ను తీసింది. "ముందు కొట్టిందెవరు?"

"మా అన్నయ్య."

పెన్ను ఆగింది.

"రాయండి," అంది మేస్త్రి భార్య.